సేవ్ అయింది సరే, ఎవరికి?

తిరుత్తణి కొండ కింద, మురుగన్ పండగ ఆడికృత్తిక రోజు మధ్యాహ్నం, పచ్చ గొడుగు వేసుకున్న ఒక తాత, తప్పిపోయిన మనుషుల కోసం, వస్తువుల కోసం పెట్టిన మా డెస్కు ముందు నుంచి బస్టాండు వైపు నడిచి వెళ్లాడు. గొడుగు కర్రకి మావాళ్లు కట్టిన చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. తలెత్తి చూస్తే మా టీవీలో మాత్రం ఆ వాక్యం నింపాదిగా పాకుతోంది: 'పచ్చ గొడుగు దొరికినది. పోగొట్టుకున్నవారు కొండమీది సహాయ కేంద్రానికి రావలెను.' ఏదో తేడా వచ్చిందని నాకు మొదటిసారి తోచింది ఆ క్షణంలోనే.

గొడుగు తాత గొడుగుతో సహా ఇంటికి పోతున్నాడంటే, పైనున్నవాళ్లు ఆ వాక్యం ఎప్పుడో తీసేసి ఉండాలి. తీసేస్తే తెర మీద ఉండకూడదు. అంతకంటే భయపెట్టింది మరొకటి. గొడుగు తర్వాత కొత్త వాక్యం ఒక్కటీ రాలేదు. పూల కావడులు భుజాన పెట్టుకుని 'అరోహరా' అంటూ జనం ఏరులా కదిలే రోజది. అలాంటి రోజున అంతసేపు ఒక్క పిల్లా తప్పిపోలేదంటే, ఒక్క ముసలమ్మా దారి మరిచిపోలేదంటే, వేరేవాళ్లు నమ్ముతారేమో, నేను నమ్మను. నేను ఇద్దరు పిల్లల తల్లిని. ఇంట్లో పిల్లల చప్పుడు ఆగిపోతే ముందు వంటింట్లోకి పరిగెత్తి నూనె డబ్బా చూసే రకాన్ని. అదే భయంతో ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ముప్ఫయ్ నాలుగేళ్ల రిటైర్డు మనిషి

ఉద్యోగ అనుభవాలు రాసేవాళ్లకి సాధారణంగా నెరిసిన జుట్టు, పింఛను పుస్తకం, వీడ్కోలు సభలో కప్పిన శాలువా ఉంటాయి. నాకు శాలువా ఒక్కటే ఉంది. దాన్ని మా అత్త ఉయ్యాల మీద పరిచేసింది. తిరువళ్లూరులో మందుల షాపు పైనున్న రెండు గదుల కంపెనీలో చేశాను. తిరుత్తణి నుంచి రోజూ లోకల్ రైల్లో వెళ్లొచ్చేదాన్ని. పిల్లల బడి వేళలూ రైలు వేళలూ ఎప్పటికీ కలవవని తేలాక మానేశాను. ముప్ఫయ్ నాలుగేళ్లకే రిటైర్‌మెంట్ అని మా ఆయన ఏడిపిస్తూ ఉంటాడు.

ఇప్పుడు నా కుర్చీలోకి నివేద అనే అమ్మాయి వస్తోంది. కాలేజీ నుంచి నేరుగా వస్తోంది. "అక్కా, ముఖ్యంగా ఏం తెలుసుకోవాల?" అని ఫోన్లో అడిగింది. చెప్పబోయేంతలో మా చిన్నోడు నా ఛార్జరుని నీళ్ల మగ్గులో ఈత కొట్టించాడు. అందుకే, నివేదా, పిల్లలు పడుకున్నాక ఇలా రాస్తున్నాను. పాస్‌వర్డులు, ఏ కస్టమరు దగ్గర ఏ మెషీనుందో ఆఫీసులో చెప్తారు. అక్కడ చెప్పనివి ఇవి.

నీ అపాయింట్‌మెంట్ కాగితంలో సిస్టమ్స్ ఇంజనీరు అని ఉంటుంది. దాన్ని చూసి ఉబ్బిపోకు. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ చేసిన పని ఒక్కటే. 'నేను సేవ్ చేసినాను మేడమ్, ఇప్పుడు చూస్తే లేదు' అన్నవాళ్లకి, అది ఎక్కడికి పోయిందో వెతికి తెచ్చివ్వడం.

మూడు స్వభావాలు

పర్మిషన్లు అనేది కాలేజీలో ఒక పేజీ. ఒక ఫైలుని ఎవరు చదవచ్చు, ఎవరు మార్చచ్చు, ఎవరు నడపచ్చు. ఆ 'ఎవరు'లో మూడు వర్గాలు: ఫైలు సొంతదారు, అతని గుంపు, మిగతా లోకం. ఇది నేనూ బట్టీ పట్టి రాశాను, మార్కులూ వేశారు. అనుమతి లేదన్న సంగతిని మనిషికి ఎలా చెప్పాలన్న దగ్గర మాత్రం ఒక్కో కంప్యూటర్లో ఒక్కో ఎడిటరుకి ఒక్కో స్వభావం ఉంటుందని ఆ పేజీలో లేదు. ఎడిటరంటే పెద్దదేం కాదు, మాటలు టైపు చేసి దాచుకునే మామూలు ప్రోగ్రాము.

విండోస్‌లో నోట్‌ప్యాడ్ ఉందే, అది పాతకాలపు గుమాస్తా. కుదరదు అని మొహం మీద గట్టిగా అనదు. సణుగుతూ 'సేవ్ యాజ్' కిటికీ తెరిచి ఎదురుగా పెడుతుంది. ఇక్కడ కాదు, ఇంకెక్కడైనా పెట్టుకో అని దానర్థం. కంగారులో ఉన్న మనిషి అదే పేరుతో డెస్క్‌టాప్ మీద పెట్టుకుని, పనైపోయిందని టీ తాగడానికి వెళ్తాడు. అదే విండోస్‌లో ఏ ఫోల్డర్ ప్రాపర్టీస్ అయినా తెరిచి చూడు. 'రీడ్ ఓన్లీ' పక్కన నిండీ నిండని చిన్న చదరం ఒకటి ఉంటుంది. తీసేసి ఓకే కొట్టు. మళ్లీ తెరువు. మళ్లీ ఉంటుంది. దాని వెనక నేను ఒక వారం తిరిగాను. నువ్వు తిరగకు. దానికీ నీ ఫైలుకీ ఏ సంబంధమూ లేదు.

మ్యాక్‌లో ఉండే ఎడిటరు మర్యాదస్తుడు. ఈ ఫైలు మీది కాదండీ, కావాలంటే నకలు తీసిస్తాను, దాంట్లో రాసుకోండి అంటాడు. నకలు అసలు కంటే అందంగా కనపడుతుంది. రాసినవాడు సంతోషిస్తాడు. అసలు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

లినక్స్ మా అత్త సరోజమ్మ లాంటిది. ఉన్నమాట ఒక్క ముక్కలో చెప్పేస్తుంది: చదవడానికి మాత్రమే. కానీ సేవ్ చెయ్యమనే ఆదేశం చివర ఒక ఆశ్చర్యార్థకం (!) తగిలించి గట్టిగా అడిగావనుకో, సరే, నీ ఖర్మ అని చేసి పెడుతుంది. ఆ తర్వాత వచ్చేదానికి తన పూచీ లేదు.

వీళ్ల ముగ్గురి మధ్యా పెన్‌డ్రైవ్ అనే అమాయకురాలు తిరుగుతూ ఉంటుంది. పొదటూరుపేటలో మునిరత్నం అన్న అని చేనేత చీరల వ్యాపారి, మా కస్టమరు. షాపులో లినక్స్ మెషీను, ఇంట్లో విండోస్. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లి, దిద్ది, మళ్లీ షాపుకి తెచ్చేవాడు. ఒకరోజు ఫోను.

"ఏమ్మా మంజులా, అడ్రసుల ఫైలు తెరిస్తే, రన్ చేసేదా చూపించేదా అని అడగతా ఉండాది. అడ్రసులు యాడికి రన్నింగ్ పోతాయి? భయమేసి క్యాన్సిల్ కొట్టేసినా."

"భయం లేదన్నా. చూపించమని కొట్టండి."

"అది సరేమ్మా. రన్ కావాల్సింది బిల్లు కొట్టేది గదా? అది నిన్నట్నించి ఉలకదు పలకదు. ఈడ చీరలు కట్టిపెట్టి బిల్లు లేకుండా కూచోనుండాను."

పెన్‌డ్రైవ్‌కి సొంతదారు, గుంపు లాంటి పట్టింపులు తెలియవు. ఫైలు అందులోకి దిగగానే ఉన్న అనుమతులన్నీ గడప దగ్గరే రాలిపోతాయి. తిరిగొచ్చేటప్పుడు అన్నిటికీ ఒకే ముద్ర: నడపచ్చు. అలా అడ్రసులకి కాళ్లొచ్చాయి. బిల్లు ప్రోగ్రాముకేమో ఇంట్లో ఎడిటరు ప్రతి వరస చివరా కంటికి కనపడని గుర్తొకటి అంటించి పంపింది. అది చూసి షాపు మెషీను తన ప్రోగ్రాముని తానే గుర్తుపట్టలేదు. సరిచేసి, ఇకమీద పెన్‌డ్రైవ్ వద్దన్నా అన్నాను. తలూపాడు. మరుసటి నెల వెళ్తే అదే పెన్‌డ్రైవ్ మెషీనుకి గుచ్చే ఉంది, ఈసారి కుంకుమ బొట్టుతో.

సారు, ఆశ్చర్యార్థకం

మా ఓనరు తణికాచలం సార్ మంచి మనిషి. నా రెండో కాన్పుకి సెలవు అడగబోతే, నోరు తెరవక ముందే ఇచ్చారు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత చెప్పబోయేవి వింటే నీకు ఆయన మీద కోపం వస్తుంది.

సార్‌కి రెండు అలవాట్లు. ఏ కస్టమరైనా ఫైలు తెరుచుకోలేదంటే, "అందరికీ అన్నీ ఇచ్చేయ్ మే, ఏమైపోతాది?" అంటారు. ఇంటి తాళం పట్టేసిందని తలుపే ఊడబీకడం ఇది. ఆ పూటకి హాయిగానే ఉంటుంది. రెండో అలవాటు, కంప్యూటర్ ఏదైనా వద్దంటే ఆశ్చర్యార్థకం కొట్టడం. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌కి కూడా మూడు పెట్టే మనిషికి, వద్దన్నదాన్ని ఒప్పించే మీట ఒకటి దొరికితే చేతులు ఆగుతాయా?

కిందటేడు ఆడికృత్తికకి ఒక సేవాసంఘం వాళ్లు మమ్మల్ని పిలిచారు. తప్పిపోయిన మనుషులకీ వస్తువులకీ మూడు చోట్ల డెస్కులు పెడతాం, ఒక చోట రాసింది మూడు చోట్లా టీవీలో కనపడాలన్నారు. పండగ రోజు ఆ జనంలో ఫోన్లు పనిచెయ్యవు. అందుకని కేబుల్ టీవీ ఆయన చేత మూడు చోట్లకీ లైను లాగించాం. ఉన్నది ఒకే ఒక టెక్స్ట్ ఫైలు. దానిలో ఏది రాస్తే అది నిమిషంలో మూడు టీవీల్లోనూ పాకుతుంది. కొండ కింద మా లినక్స్ మెషీను దగ్గర నేను. బస్టాండులో విండోస్ ల్యాప్‌టాప్‌తో కోమల అక్క. పొదటూరుపేట మగ్గాల ఇంటి ఆడపడుచు, కుట్టు నేర్పుతుంది. నోటికి అడ్డూ ఆపూ లేదు, చేతికి అలుపూ లేదు. కొండ మీద తన మ్యాక్ తెచ్చుకుని బాబు అన్న, పెళ్లిపత్రికలు డిజైన్ చేసే మనిషి. మా ముగ్గురినీ ఒక గుంపులో పెట్టి, ఆ గుంపు మాత్రమే ఫైలుని మార్చగలిగేలా చేశాను.

"సార్, మిమ్మల్ని కూడా గుంపులో చేర్చేదా?" అని అడిగాను.

"నేను ఓనర్ని మే. నా మెషీను. నేను పోయి గుంపులో చేరేదేంది, రేషన్ షాపు క్యూ మాదిరి?" అన్నారు. అంతటితో ఆగలేదు. "ఫోల్డర్ మాత్రం అందరికీ తెరిచిపెట్టు. పండగ గదా."

తెరిచాను. ఫైలుకి తాళం ఉంది కదా, ఫోల్డర్ తెరిచుంటే ఏమవుతుందిలే అని వాదించలేదు. మొత్తం కథ ఆ మాటలోనే ఉంది.

గొడుగు వెనక వరస

ఇక ఆ మధ్యాహ్నానికి వస్తాను. గొడుగు వాక్యాన్ని చివరిదాకా చూస్తే దాని వెనక ఇందాక లేని వరస ఒకటి పాకుతూ వచ్చింది. మా కంపెనీ పేరు, 'మీ సేవలో', మూడు ఆశ్చర్యార్థకాలు. ఫైలు సొంతదారు ఎవరో చూశాను. కోమల అక్క పేరు ఉండాలి, ఎందుకంటే పొద్దున ఆ ఫైలు మొదలుపెట్టింది తనే. ఇప్పుడు సార్ పేరుంది. గుంపు దగ్గరా సార్ పేరే ఉంది. పక్కనే కూర్చున్న ఆయన్ని అడిగాను.

"సార్, నేను పులిహోర పొట్లాలకి పోయినప్పుడు ఈ ఫైలు తెరిచినారా?"

"నేనేం చెయ్యలేదే. కింద మన పేరొకటి వేసినా. బాగుందా?"

"ఎట్ల సేవ్ అయింది సార్? మీరు గుంపులో లేరు గదా?"

"మొదట ఒప్పుకోలా. రీడ్ ఓన్లీ అనింది. ఒక ఎక్స్‌క్లమేషన్ కొట్టినా, నోరు మూసుకోని చేసింది."

నివేదా, ఇక్కడ కాస్త ఆగి చదువు. ఫైలుకి తాళం వేస్తే దాన్ని మార్చడానికి కుదరదు, నిజమే. అయితే ఆ ఫైలుని అక్కడి నుంచి తీసేసి, అదే పేరుతో ఇంకొకటి పెట్టే హక్కు ఫైలు ఇవ్వదు, ఫోల్డర్ ఇస్తుంది. వరండా తెరిచి పెట్టామనుకో, గది తాళం పగలగొట్టే పని లేదు. తలుపుని గడియతో సహా ఊడదీసి పక్కన పడేసి, అదే రంగు తలుపు ఇంకోటి బిగించి తాళంచెవి జేబులో వేసుకోవచ్చు. ఆశ్చర్యార్థకం చూసి ఎడిటరు చేసింది సరిగ్గా అదే. బయటికి తలుపు అదే తలుపు. టీవీలు చదువుతూనే ఉన్నాయి, ఎందుకంటే చదవడానికి అందరికీ వీలుంది. మార్చడానికి మాత్రం సార్ ఒక్కరే. కోమల అక్కకి గుమాస్తా ఇంకోచోట పెట్టుకోమని చెప్పి ఉంటాడు. బాబు అన్నకి మర్యాదస్తుడు నకలు ఇచ్చి ఉంటాడు. ఇద్దరూ ఆ మధ్యాహ్నమంతా శ్రద్ధగా రాస్తున్నారు, ఎవరికీ కనపడని చోట.

సార్‌కి ఈ తలుపు కథ చెప్పడానికి నోరు తెరిచానో లేదో, మా అత్త వచ్చింది. ఒక చేత్తో నా కూతురు హరిణిని పట్టుకుంది. హరిణికి అప్పుడు ఎనిమిదేళ్లు. రెండో చెయ్యి ఖాళీగా ఉంది.

"మే మంజులా, గుహన్ ఈడికొచ్చినాడా?"

గుహన్ నా కొడుకు, అయిదేళ్లవాడు. పొద్దునే వాడికి మొక్కు తీర్చి గుండు చేయించి గంధం పూశాం. మా ఆయన కావడి ఎత్తుకుని మెట్లెక్కుతున్నాడు, ఆయన ఫోను అత్త సంచిలోనే ఉంది.

"ఈడికెందుకొస్తాడు అత్తా? మీకాడ గదా వదిలినా?"

"కొళాయికాడ చేతులు కడుక్కుందామని చెయ్యి వదిల్నా మే. తిరిగి చూస్తే లేడు. చుట్టూ ఉండే పిల్లకాయలందరికీ గుండే, అందరికీ గంధమే, అందరికీ పసుపు చొక్కానే. మనోడే అని ఒగడ్ని పట్టి లాగితే వాళ్లమ్మ నన్ను కొట్టను వచ్చింది."

"అవ్వ ముగ్గురిని పట్టింది అమ్మా," అంది హరిణి.

"నేను పోలీసు బూత్ కాడికి పోతా," అని సార్ చెప్పులు కూడా వేసుకోకుండా జనంలోకి పరిగెత్తారు.

తెర మీద కేకలు

నాకూ అలాగే పరిగెత్తాలనిపించింది. ఆ జనంలోకి దూకి ప్రతి గుండునీ పట్టి తిప్పి చూడాలనిపించింది. లేచాను కూడా. కానీ అత్త అప్పటికే ఆ పని చేసి తన్నులు తప్పించుకొచ్చింది. వాడిని ఎవరైనా ఏ డెస్కుకైనా తెచ్చి ఉంటే, ఆ సంగతి ఈ పాటికి ఒక నోట్‌ప్యాడ్‌లోనో ఒక నకల్లోనో పడి ఉంటుంది. నేను పరిగెత్తితే అది అక్కడే ఉండిపోతుంది. కూర్చున్నాను. పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టాను. మెషీను మీద పూర్తి అధికారం తీసుకుని ఫైలుని తిరిగి మా గుంపుకి ఇచ్చాను. ఫోల్డర్ తలుపు మూశాను.

అనుమతి ఇవ్వడం ఒక్క క్షణం పని. కానీ డెస్క్‌టాప్ మీద పడున్నవి వాటంతట అవి నడిచి రావు. అక్క, అన్న మళ్లీ పెట్టాలి. పెట్టాలని వాళ్లకి ఎలా తెలుస్తుంది? ఫోన్లు మోగవు. అప్పుడు తట్టింది, వాళ్లిద్దరి నెత్తి మీదా టీవీలున్నాయి. అందులోనే రాశాను.

'కోమల అక్కా, బాబు అన్నా, ఇందాకట్నుంచి మీరు సేవ్ చేసినవి ఏవీ రాలేదు. కోమల అక్కా, నీవి నీ డెస్క్‌టాప్ మీద ఉంటాయి. బాబు అన్నా, నీవి కాపీ అనే పేరుతో ఉంటాయి. ఈ ఫైలు మూసి మళ్లీ తెరిచి, అన్నీ ఇందులో వెయ్యండి. త్వరగా. మంజుల.'

మూడు చోట్లా, కొన్ని వేలమంది భక్తుల నెత్తి మీద, నా కేక పాకడం మొదలైంది. పూల కావడి మోస్తున్న ఒక పెద్దాయన ఆగి, మొత్తం చదివి, నా వైపు తిరిగాడు. "ఎవరమ్మా ఆ కోమల అక్క? వేసేసినాదా?"

"ఇంకా లేదయ్యా."

"వేస్తాది, వేస్తాది. మురుగన్ ఉండాడు," అని భుజం మార్చుకుని వెళ్లిపోయాడు.

అత్త టీవీ కిందే నిలబడింది. ఆమెకి తెలుగు చదవడం రాదు, తమిళమే వచ్చు. "ఏం రాసినావు? వచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. హరిణి నా చున్నీ కొస నోట్లో పెట్టుకుని నములుతోంది.

ముందు కొండ మీది నుంచి వరసలు వచ్చాయి. గొడుగు మాయమైంది. దాని చోట, 'బాబు, నాలుగైదేళ్లు, గుండు, గంధం, పసుపు చొక్కా' అని చూడగానే లేచి నిలబడ్డాను. వాక్యం ఇంకా పాకింది: 'పేరు కార్తి, నగరి.' కూర్చున్నాను. 'బాబు, గుండు, గంధం' మళ్లీ లేచాను. 'పేరు వేలు, నాన్న లారీ డ్రైవరు.' ఒక పెద్దావిడ, ఒక జత చెప్పులు, ఇంకో గుండు, ఇంకో పేరు. పోగొట్టుకున్న బిడ్డలందరూ ఒకేసారి ఇంటికొస్తున్నారు, నా బిడ్డ తప్ప. ప్రతి గుండుకీ లేచి, ప్రతి పేరుకీ కూలబడుతుంటే, అత్త నా భుజం పట్టుకుని, "నువ్వు లేస్తే నాకు గుండె ఆగిపోతా ఉండాది, ఏదో ఒకటి చెయ్ మే" అంది.

అప్పుడు బస్టాండు నుంచి కోమల అక్క వరసలు మొదలయ్యాయి. రెండు పోయాయి. మూడోది ఇలా పాకింది:

'బాబు. అయిదేళ్లుండచ్చు. గుండు, గంధం, పసుపు చొక్కా. పేరు చెప్పడు. ఊరు చెప్పడు. అమ్మ పేరు అడిగితే రెండు చేతులతో నోరు మూసుకుంటాడు. ఎవరికీ చెప్పొద్దని వాళ్లమ్మ చెప్పిందంట. ఆ తల్లి ఎవరో తొందరగా రావలెను, బిస్కెట్లు అయిపోతున్నాయి.'

తిరుత్తణిలో ఆ రోజు గంధం పూసిన గుండ్లు ఎన్ని ఉన్నాయో ఆ స్వామికే తెలియాలి. అమ్మ మాట విని పేరు మింగేసిన గుండు మాత్రం ఒక్కటే. తెలియనివాళ్లకి పేరు చెప్పకూడదని వాడికి రోజూ అన్నం పెడుతూ నూరిపోసింది నేనే.

బస్టాండులో

గుహన్ కోమల అక్క బల్ల మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాడు. ఒళ్లంతా బిస్కెట్ పొడి. నన్ను చూడగానే ఏడుస్తాడనుకున్నాను. వాడి మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, నేను ఎవురికీ చెప్పలా!"

వాడిని ఎత్తుకున్నాను. ఏడ్చింది నేను. మా అత్త వాడి గుండు మీద ఒకటి వేసి, వేసిన చోటే ముద్దు పెట్టింది.

"నీ బిడ్డా మే వీడు?" అని కోమల అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నేను అడిగినా, టీకొట్టాయన అడిగినా, పోలీసాయన టోపీ తీసి చేతికిచ్చి అడిగినా. టోపీ పెట్టుకున్యాడు, పేరు చెప్పలా. ఏం బిడ్డని కన్నావు తల్లీ, బ్యాంకు లాకరా?"

"ఎంత సేపట్నించి ఉండాడక్కా?"

"నాలుగు ప్యాకెట్ల సేపు. నేను అప్పుడే సేవ్ చేసినా మే. కావాలంటే ఇదో, చూడు." ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. డెస్క్‌టాప్ మీద అదే పేరుతో ఫైలు. తెరిస్తే మధ్యాహ్నం నుంచి వచ్చిన బిడ్డలందరూ వరసగా, ఒక్క తప్పు లేకుండా. "ఏదో కిటికీ తెరిచి యాడ పెట్టేదని అడిగింది. ఈడ పెట్టమన్యా. పెట్టింది. మీ టీవీకి కండ్లు లేకపోతే నేనేం చేసేది?"

ఆమెకి వంక పెట్టడానికి ఏముంది? అడిగిన చోట పెట్టింది. తప్పు ఎక్కడుందో చెప్పమంటే చెప్తాను. కుదరదు అని గట్టిగా చెప్పని ఎడిటరులో సగం ఉంది. వద్దంటే అరిచి ఒప్పించే మనిషిలో సగం ఉంది. మిగతా పిల్లల తల్లులు ఒక్కొక్కరే వస్తున్నారు. పోలీసు బూత్ నుంచి చెప్పులు లేకుండానే పరిగెత్తుకొచ్చిన సార్ గుహన్‌ని చూసి, బస్టాండు బెంచీ మీద కూలబడి, చాలాసేపు కళ్లు తుడుచుకున్నారు. లేచాక ఆయన అన్న మొదటి మాట: "మే, నన్ను గుంపులో చేర్చెయ్."

నివేదా, నువ్వు చేరిన రోజున ఆయన నీకు ఈ కథ తనే చెప్తారు, తనను కాస్త హీరోని చేసుకుని. విను. కానీ ఎవరైనా నీతో 'సేవ్ అయింది' అంటే తలూపి ఊరుకోకు. ఇంకో మెషీను మీద, ఇంకో మనిషి లాగిన్‌తో తెరిచి చూడు. నీ తెర మీద కనపడిందంటే నీకు సేవ్ అయిందని మాత్రమే అర్థం. ఎదురుచూస్తున్న మనిషికి అందిందో లేదో ఏ ఎడిటరూ నీకు చెప్పదు. ఫోల్డర్‌ని అందరికీ తెరవమని ఎవరైనా అంటే, వాళ్లు ఓనరైనా సరే, అక్కడే పోట్లాడు. నేను పోట్లాడలేదు.

మర్నాడు

పొద్దున ఇడ్లీలు పెడుతుంటే గుహన్ అడిగాడు. "అమ్మా, నేను బాగా చేసినా గదా?"

వాడు అంత బాగా చేసినందుకే నేను వాడిని పోగొట్టుకోబోయాను. ఆ మాట అయిదేళ్లవాడితో ఎలా అనాలి?

"బానే చేసినావు నాయనా. నేనే నీకు సగం చెప్పి వదిలేసినా," అన్నాను. హరిణిని కూడా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "ఇద్దరూ వినండి. తప్పిపోతే, బల్ల వేసుకోని కూచున్నోళ్లకాడికి పోండి. లేదంటే పోలీసోళ్లు, లేదంటే బిడ్డని ఎత్తుకోనుండే అమ్మలు. వాళ్లు అడిగితే పేరు చెప్పండి. మంజుల కొడుకునని, కూతుర్నని చెప్పండి. ఊరు, నాయన పేరు, నా ఫోన్ నంబరు, అన్నీ చెప్పండి."

"అందురికీ చెప్పచ్చా?" అన్నాడు గుహన్, నమ్మకం లేనట్టు.

"పేరు అందరికీ చెప్పచ్చు. చెయ్యి మాత్రం అందరికీ ఇయ్యకూడదు. మిమ్మల్ని చెయ్యి పట్టుకోని ఆడ్నించి తోలుకోని పోయేది నేను, నాయన, అవ్వ. ఇంకెవరు పిల్చినా ఉన్న చోటే కూచోవాల."

"నేను తోలుకోని పోవచ్చా వాడ్ని?" అంది హరిణి.

"నువ్వు పోవచ్చు."

గుహన్ ఇడ్లీ మింగి తలెత్తాడు.

"కోమల అత్త?"

"కోమల అత్త బిస్కెట్లు పెట్టచ్చు," అని చెప్పాను. "తోలుకోని మాత్రం పోకూడదు."